హార్ట్‌కి జపనీస్‌లో మాటేంటి? మనసా, గుండెనా, కడుపా?

జపనీస్ నేర్చుకోవడం మొదలుపెట్టిన వాళ్ళెవరైనా మొదటి నెలలోనే అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: హార్ట్‌ని జపనీస్‌లో ఏమంటారు? కొకొరొ అని టక్కున చెప్పేస్తారు, డిక్షనరీ తెరిచినా అదే ఉంటుంది, తప్పేం కాదు. కానీ ఆ ఒక్క జవాబు పట్టుకుని బయల్దేరితే ఎక్కడ తేలతామో తెలియాలంటే ఒక సంగతి చెప్పాలి.

టోక్యోలో ఉద్యోగం చేసుకుంటున్న మా వైపు కుర్రాడు ఒకతను ఉన్నాడు. వాళ్ళ నాన్నగారు రాజమండ్రి నుంచి మూడు నెలలు ఉందామని వచ్చారు. వచ్చిన రెండో వారంలో స్టేషన్ మెట్లెక్కుతుంటే ఆయాసంగా ఉందని, ఎడమ వైపు పట్టేసినట్టు ఉంటోందని అన్నారు. కుర్రాడికి జపనీస్ కొంచెం వచ్చు. ఇంటి దగ్గర్లో ఒక క్లినిక్ బోర్డు మీద తను హార్ట్ అని నేర్చుకున్న అక్షరం కనిపించింది, హమ్మయ్య అనుకుని అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. తీరా వెళ్ళాక నింపమని చేతికిచ్చిన కాగితంలో ప్రశ్నలు చూస్తే, నిద్ర పడుతోందా, ఆకలి ఎలా ఉంది, ఇదివరకు ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి తగ్గిందా, ఇంట్లో గానీ పని దగ్గర గానీ టెన్షన్ ఏమైనా ఉందా, ఇలా సాగుతున్నాయి. అక్కడి నుంచే నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నాన్నకి గుండె చూపిద్దామని వస్తే, దిగులుగా ఉంటోందా అని అడుగుతున్నారేంటి?"

బోర్డు మీద ఉన్నది షిన్‌ర్యో నైకా. ఒత్తిడి వల్లా దిగులు వల్లా ఒంట్లో తలెత్తే ఇబ్బందులు చూసే విభాగం అది. ఆ పేరులో మొదటి అక్షరం హార్ట్ అక్షరమే, కానీ అక్కడ దానికి అర్థం మనసు. గుండె జబ్బులు చూసే విభాగం పేరు జున్‌కన్‌కి నైకా, అంటే రక్తప్రసరణ అవయవాల వైద్యం, ఆ పేరులో హార్ట్ అక్షరం కోసం వెతికినా దొరకదు. జపాన్‌లో ఉంటున్న మనవాళ్ళు ఈ రెండు పేర్లూ ఫోన్‌లో రాసి పెట్టుకుంటే మంచిది. (ఛాతీ నొప్పి గట్టిగా వస్తే మాత్రం ఏ పేర్లతోనూ పనిలేదు, 119కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవడమే.)

ఆ కుర్రాడి తప్పేం లేదు. ఆ అక్షరం పుట్టింది నిజంగా గుండె బొమ్మలోంచే, చైనాలో ఎప్పుడో గుండె ఆకారం గీస్తే అది అరిగి అరిగి నాలుగు గీతలకి వచ్చింది. విడిగా ఉంటే కొకొరొ అని చదువుతారు, ఇంకో అక్షరంతో జతకడితే ఎక్కువగా షిన్ అంటారు. జపనీస్‌లో అది చేసే పని మాత్రం చాలావరకు మనసు పనే. మనస్తత్వశాస్త్రం పేరులో ఈ అక్షరమే. దిగులు, ఆందోళన అనే అర్థంలో వాడే షిన్‌పాయ్‌లో ఈ అక్షరం పక్కన పంచిపెట్టడం అనే అక్షరం ఉంటుంది. మరచిపోవడం, తీరిక లేకపోవడం అనే రెండు మాటల అక్షరాలూ ఒకే రెండు ముక్కలతో తయారయ్యాయి, ఒకటి పోవడం, రెండోది మనసు. మనసు కింద పడుకుని ఉంటే మరచిపోవడం, సన్నగా సాగి ఎడమ పక్కన నిలబడితే తీరిక లేకపోవడం. నాకు జపనీస్ మీద ప్రేమ పుట్టింది ఇలాంటి చోటే.

ఇప్పుడు అసలు చిక్కుకి వద్దాం. ఇంగ్లీష్‌లో హార్ట్ అనే ఒక్క మాట రక్తం పంపు చేస్తుంది, ప్రేమిస్తుంది, ధైర్యం చెప్తుంది, పాఠం గుర్తుపెట్టుకుంటుంది, ఊరి మధ్యలో ఉంటుంది, పేకముక్క మీద కూడా ఉంటుంది. తెలుగులో ఇవన్నీ ఒక మాటతో ఎప్పుడైనా నడిచాయా? మనకి గుండె ఉంది, మనసు ఉంది, హృదయం ఉంది, ఎద ఉంది, కొన్ని చోట్ల కడుపు కూడా ఈ పనిలోకి వస్తుంది. గుండె గుభేలుమంటుంది, మనసు గుభేలుమనదు. మనసు పారేసుకుంటాం, గుండె పారేసుకోం. కడుపుకోత అంటే బిడ్డని పోగొట్టుకున్న తల్లి బాధ, ఆ చోట గుండె అన్నా మనసు అన్నా ఆ బరువు రాదు. ఈ తేడాలు మనకెవరూ క్లాసు పెట్టి నేర్పలేదు, అయినా తప్పు వాడం.

జపనీస్ కూడా ఇలాగే పంచుకుంది, గీతలు మాత్రం వేరే చోట గీసుకుంది. ఒంట్లో కొట్టుకునే అవయవం షిన్‌జో. మనసు కొకొరొ. ఛాతీ మునె, దాదాపు మన ఎద లాంటిది, బాధా సంతోషమూ అక్కడ నిండుతాయి. క్షణక్షణం మారే మూడ్, ధ్యాస, ఉద్దేశం ఇవన్నీ కి అనే చిన్న మాటలో ఉంటాయి. దాచుకున్న ఆలోచనా, కోపమూ, నిర్ణయమూ హర, అంటే కడుపు. ధైర్యం కిమొ, అంటే కాలేయం. కాబట్టి నేను ఎవరికైనా చెప్పేదొకటే. ఇంగ్లీష్ నుంచి నేరుగా దూకకండి, ఆ ఇంగ్లీష్ మాటని ముందు మీ అమ్మకి చెప్తున్నట్టు తెలుగులో అనుకోండి, హార్ట్ అక్కడే మూడు నాలుగు ముక్కలుగా విడిపోతుంది, ఆ ముక్కని జపనీస్‌లో వెతుక్కోవడం చాలా తేలిక. మనం స్కూల్లో ఇంగ్లీష్ పుస్తకాలతో చదువుకుని, జపనీస్‌ని కూడా ఇంగ్లీష్ పుస్తకాల్లోంచి నేర్చుకోవడం వల్ల, చేతిలో ఉన్న ఈ సాయాన్ని పక్కన పడేస్తున్నాం. లిపి కూడా మనకి కలిసొస్తుంది. కొకొరొలో మూడు ఒకారాలూ పొట్టివి, షిన్‌జోలో ఓకారం పొడుగు, తెలుగులో రాస్తే ఆ తేడా కళ్ళకి కనిపిస్తుంది, ఇంగ్లీష్ అక్షరాల్లో రాస్తే చాలాసార్లు పోతుంది.

ఇంగ్లీష్ హార్ట్ కూడా జపాన్ వెళ్ళి హాతొ అయింది. అది ప్రేమ గుర్తు, పేకముక్క, వాలెంటైన్ డబ్బా మీద ఎర్రబొమ్మ, అంతవరకే. ఇంకో దారిలో వంటింట్లోకి కూడా వెళ్ళింది. కోడి ముక్కలు పుల్లకి గుచ్చి బొగ్గుల మీద కాల్చి ఇచ్చే యకితొరి దుకాణాల్లో కోడి గుండెకాయని హత్సు అంటారు (త్సు అంటే మనం చుక్క అనేటప్పుడు పలికే చు లాంటిదే). హార్ట్స్ అనే ఇంగ్లీష్ బహువచనమే అలా అరిగింది. కొన్ని దుకాణాల్లో మెనూలో కొకొరొనొకొరి అని కూడా కనిపిస్తుంది, అది గుండెకీ కాలేయానికీ మధ్య మిగిలే ముక్క. కానీ మామూలుగా ఆ మాటకి అర్థం మనసు అక్కడే ఉండిపోవడం, వదిలి రాలేకపోవడం. ఊరు విడిచి వచ్చేసేవాళ్ళు వాడే మాట అది.

ఇక నుడికారాలు. తేలికైన దాంతో మొదలుపెడదాం, లర్న్ బై హార్ట్. మనం బైహార్ట్ చేశావా అని తెలుగులోకి తెచ్చేసుకున్నాం గానీ మన సొంత మాటలు కంఠతా పట్టడం, నోటికి రావడం. మనకి చదువు నిలిచేది గొంతులోనూ నోట్లోనూ. జపనీస్‌లో మామూలు మాట అన్‌కి సురు, ఇంకొంచెం అందమైనది సొర దె ఒబొఎరు. సొర అంటే ఆకాశం, ఖాళీ. పుస్తకం చూడకుండా, ఎదుట ఏమీ లేకుండా గుర్తుంచుకోవడం అన్నమాట. గుండె ఊసే లేదు. హార్ట్ ఆఫ్ ద మ్యాటర్‌కి కకుషిన్, నగరం నడిబొడ్డుకి తొషిన్, వీటిలో హార్ట్ అక్షరం ఉంది కానీ చదివేవాళ్ళకి గుండె గుర్తురాదు, మనకి నడిబొడ్డు అంటే బొడ్డు గుర్తురానట్టే.

చేంజ్ ఆఫ్ హార్ట్ దగ్గర నేను దెబ్బతిన్నాను. అనువాదాల పనిలో చేరిన కొత్తలో ఒక మెయిల్ వచ్చింది, కస్టమర్ సరుకు గురించి ముందు ఒప్పుకుని తర్వాత మనసు మార్చుకున్నారు, ఇంగ్లీష్‌లో చేంజ్ ఆఫ్ హార్ట్ అని రాశారు. డిక్షనరీలో కొకొరొగవరి కనిపించింది, కొకొరొ అంటే మనసు, కవరి అంటే మార్పు, అంతా సరిగ్గా అతికింది, రాసి పంపేశాను. ఆ రోజు సాయంత్రం నాకు పని నేర్పే పెద్దాయన పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పారు, కొకొరొగవరి అంటే ప్రేమించినవాళ్ళని వదిలి ఇంకొకరి వైపు తిరగడం అని. అవతలి కంపెనీ మీద నేను నమ్మకద్రోహం మోపినట్టు అయింది. మామూలుగా మనసు మారితే కి గ కవరు అంటే సరిపోతుంది, ఇవాళ సినిమాకి వద్దులే అనుకోవడం లాంటిది. వ్యాపారంలో అయితే అదీ పలచనే, ఆలోచన మారింది, విధానం మారింది అని రాయాలి. ఇంకొకటుంది, కైషిన్, చెడు దారిలో ఉన్నవాడు బుద్ధి తెచ్చుకుని మారడం, ఇంగ్లీష్ దీన్ని కూడా చేంజ్ ఆఫ్ హార్ట్ అనే అంటుంది. ఒకే ఇంగ్లీష్ మాట. ఒక చోట ప్లాన్ మారింది, ఒక చోట ప్రేమ చచ్చిపోయింది, ఒక చోట దొంగ మంచివాడయ్యాడు. ఎవరు, దేని గురించి మారారో తెలియకుండా దీన్ని జపనీస్‌లోకి తేలేం.

అన్నిటికన్నా నేను ఎక్కువ మాట్లాడాలనుకునేది హార్ట్ టు హార్ట్ గురించి. ఇద్దరు మనుషులు కూర్చుని ఏదీ దాచుకోకుండా మాట్లాడుకోవడం అని ఇంగ్లీష్ అర్థం, మనం మనసు విప్పి మాట్లాడుకోవడం అంటాం. జపనీస్‌లో చూస్తే ఇషిన్ దెన్‌షిన్ అని నాలుగక్షరాల మాట ఒకటి సిద్ధంగా ఉంది, అక్షరాల్లో రెండుసార్లు హార్ట్ ఉంది, మనసుతో మనసుకి అందించడం అని విడమరచవచ్చు, ఇంతకన్నా బాగా కుదిరేదేముంది అనిపిస్తుంది. కానీ అది పూర్తిగా వ్యతిరేకం. జెన్ బౌద్ధంలో గురువు శిష్యుడికి మాటలతో పని లేకుండా జ్ఞానాన్ని అందించడం నుంచి వచ్చింది అది. ఇవాళ వాడుకలో, చెప్పక్కర్లేకుండానే ఒకరినొకరు అర్థం చేసుకోవడం అని అర్థం. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మొగుడూ పెళ్ళాల్లో ఒకరు తలుపు దగ్గరికి వెళ్తుంటే ఇంకొకరు గొడుగు చేతికందించడం లాంటిది. హార్ట్ టు హార్ట్‌లో మాటలు తప్పనిసరి, ఇషిన్ దెన్‌షిన్‌లో మాటలు అక్కర్లేదు. మేనేజర్ తన టీమ్‌తో హార్ట్ టు హార్ట్ మాట్లాడాలనుకుంటున్నారు అన్న వాక్యంలో ఇది పెడితే, మేనేజర్ ఏమీ మాట్లాడరన్నమాట.

మరి సరైనదేంటి? హర ఒ వత్తె హనసు. కడుపు చీల్చుకుని మాట్లాడటం. ఇందులోని వత్తెకి మూలం వరు అనే క్రియ, అంటే కట్టెనో వెదురునో నిలువునా చీల్చడం. ముక్కుసూటి మనిషిని చీల్చిన వెదురు లాంటివాడు అంటారు, అక్కడా ఇదే క్రియ. తెలుగువాళ్ళకి ఈ మాట వినగానే ఏదో తట్టాలి. మన సామెతే కదా, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. లోపలున్నది, ఇంటి గుట్టు, కడుపులో ఉంటుందన్న ఊహ రెండు చోట్లా ఒకటే. మన సామెత చించుకోవద్దని హెచ్చరిస్తుంది, జపనీస్ నుడికారం నమ్మినవాళ్ళ ముందు చీల్చుకోమంటుంది. నాకు ఈ జత దొరికిన రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇంగ్లీష్ ద్వారా వెళ్తే ఇది ఎప్పటికీ దొరికేది కాదు, ఎందుకంటే హార్ట్ టు హార్ట్‌లో కడుపు ఊసే లేదు.

కానీ కడుపు కదా అని కళ్ళు మూసుకుని వెళ్తే మళ్ళీ తప్పే. హర గ తత్సు, కడుపు లేచి నిలబడటం, అంటే కోపం రావడం, మన కడుపుమంటలోని ఓర్వలేనితనం అందులో లేదు. నల్లకడుపు మనిషి కుట్రలు పన్నేవాడు, లావుకడుపు మనిషి ఉదారుడు. ఇక హర హర సురు అంటే ఏం జరుగుతుందోనని ఊపిరి బిగబట్టి చూడటం, దానికి కడుపుతో సంబంధమే లేదు, అది వట్టి ధ్వని మాట.

బ్రోకెన్ హార్ట్ గురించి చెప్పాలి, ఇక్కడ నుడికారం వైద్యంలోకి కూడా వెళ్ళింది. ప్రేమ విఫలమైతే షిత్సురెన్, పోగొట్టుకున్న ప్రేమ. బాగానే ఉంది, కానీ ఇంగ్లీష్‌లో భార్య పోయిన ముసలాయన కూడా బ్రోకెన్ హార్ట్‌తో పోయాడంటారు, అక్కడ షిత్సురెన్ రాస్తే ఆయన ఎవరినో ప్రేమించి కాదనిపించుకున్నట్టు అవుతుంది. ఇలాంటి తట్టుకోలేని దుఃఖంలో గుండె కండరం ఒక్కసారిగా బలహీనపడి, గుండెపోటు లాగే కనిపించే జబ్బు నిజంగానే ఒకటుంది. ఇంగ్లీష్‌లో జనం బ్రోకెన్ హార్ట్ సిండ్రోమ్ అంటారు. దాన్ని మొదట గుర్తించి రాసింది జపాన్ డాక్టర్లే, 1990లో పేరు పెట్టారు, తకొత్సుబొ. తకొ అంటే ఆక్టోపస్, త్సుబొ అంటే కుండ. జాలర్లు ఆక్టోపస్‌లని పట్టడానికి సముద్రంలోకి దింపే కుండకి మెడ సన్నగా, అడుగు గుండ్రంగా ఉంటుంది, ఆ జబ్బు వచ్చినప్పుడు గుండె ఎడమ గది స్కాన్‌లో అచ్చం అలా ఉబ్బి కనిపిస్తుంది. ఒక భాష దుఃఖాన్ని చూసి పేరు పెట్టింది, ఇంకో భాష స్కాన్‌లో బొమ్మ చూసి పెట్టింది. ప్రపంచమంతా డాక్టర్లు ఇప్పుడు తకొత్సుబొ అనే రాస్తారు. జపనీస్ పేషెంట్ల కాగితంలో బ్రోకెన్ హార్ట్‌ని మాటకి మాట తెస్తే ఏ జబ్బో చాలామందికి తెలియకపోవచ్చు, కుండ పేరు రాస్తే తేలిగ్గా తెలుస్తుంది.

ఇటు నుంచి అటు వెళ్ళడమే కాదు, అటు నుంచి ఇటు రావడంలోనూ గుండె దగ్గర ప్రమాదముంది. 2014 సెప్టెంబర్ 27, శనివారం, మధ్యాహ్నం కాబోతుండగా ఒన్‌తకె అగ్నిపర్వతం పేలింది. ఆకురాలే కాలం మొదట్లో కొండెక్కడానికి వచ్చిన జనం శిఖరం దగ్గర చిక్కుకుపోయారు. 58 మంది చనిపోయారు, 5 మంది ఆచూకీ నేటికీ లేదు. మర్నాడు శిఖరం దగ్గర 30 మందికి పైగా దొరికారని జపాన్ వార్తలు చెప్పాయి, దొరికినవాళ్ళంతా షిన్‌పాయ్ తెయ్‌షి స్థితిలో ఉన్నారన్నాయి. ఇంగ్లీష్ వార్తల్లో అది కార్డియాక్ అరెస్ట్ అని వచ్చింది. బయటి దేశాల్లో చదివినవాళ్ళకి అయోమయం, బూడిదలో రాత్రంతా పడి ఉన్న ముప్ఫై మందికి ఒకేసారి గుండె ఆగడమేంటి, వాళ్ళని ఇంకా బతికించవచ్చా? జపాన్‌లో చనిపోయారని చెప్పాల్సింది డాక్టరు. డాక్టరు చూసి నిర్ధారించేవరకు పోలీసులూ సహాయక దళాలూ గుండె, ఊపిరి ఆగి ఉన్నాయి అనే చెప్తారు, పేపర్లూ అలాగే రాస్తాయి. జపనీస్ చదివేవాళ్ళకి అందులో ఉన్న చావు అర్థమవుతుంది. వేరే భాషలో మాట మాత్రమే వెళ్ళింది, ఆ అవగాహన వెళ్ళలేదు. ఎక్కడో బంధువు కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్న మనిషి ఆ అనువాదం చదివి ఆశ పెట్టుకుంటే ఎంత ఘోరం. తెలుగులో రాయాలంటే, ప్రాణం ఉన్న జాడ లేదు, డాక్టర్లు ఇంకా నిర్ధారించాలి అని రెండు ముక్కలూ రాయాలి. (ఆ షిన్‌పాయ్ గుండె, ఊపిరితిత్తులు. ఇందాక చెప్పిన దిగులు షిన్‌పాయ్ వేరు. వినడానికి ఒకటే, అక్షరాలు వేరు.)

కొకొరొ మనసుకి ఎంత దగ్గరో ఇంకో వైపు నుంచి కూడా కనిపిస్తుంది. 1995 జనవరి 17న కోబె ప్రాంతాన్ని కూల్చేసిన భూకంపం తర్వాత, బతికి బయటపడ్డవాళ్ళ మానసిక స్థితిని కూడా చూసుకోవాలన్న మాట జపాన్ అంతా పాకింది, దాని పేరు కొకొరొ నొ కెఅ. కెఅ అంటే ఇంగ్లీష్ కేర్. ఇంగ్లీష్‌లో తిరిగి హార్ట్ కేర్ అంటే ఈసీజీ తీస్తారు. 1999లో కొత్త రకం డిప్రెషన్ మందులు జపాన్ మార్కెట్‌లోకి వచ్చాక కొకొరొ నొ కజె అనే మాట బాగా వాడుకలోకి వచ్చింది, మనసుకి పట్టిన జలుబు అని. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి జనం సిగ్గుపడకుండా చేసింది, అదే సమయంలో అంత పెద్ద బాధని జలుబుతో పోల్చి తేలిక చేసిందన్న విమర్శ కూడా వచ్చింది, నాకైతే ఆ విమర్శ సబబే అనిపిస్తుంది. జలుబే కదా అని తేలిక చెయ్యడం ఒక చివరైతే, అసలు మందే లేదనడం రెండో చివర. మనోవ్యాధికి మందు లేదు అనే సామెత వింటూ పెరిగినవాళ్ళం, మనకి ఆ రెండో చివర తెలుసు.

నత్సుమె సోసెకి 1914లో రాసిన నవల పేరే కొకొరొ. సోసెకి ఇంగ్లీష్ సాహిత్యం చదువుకుని, 1900 నుంచి 1902 వరకు లండన్‌లో ఉండి వచ్చి, టోక్యోలో ఇంగ్లీష్ పాఠాలు చెప్పిన మనిషి, హార్ట్ అంటే ఏమిటో బాగా తెలిసినవాడు. 1957లో వచ్చిన ఇంగ్లీష్ అనువాదం ఆ పేరుని అలాగే ఉంచేసింది, 2010లో వచ్చినది కూడా. తెలుగులో అయితే మనసు అని ధైర్యంగా పెట్టేయవచ్చని నా నమ్మకం.

తెలుగు అన్ని చోట్లా కాపాడుతుందని మాత్రం అనను. గుండె ధైర్యం ఉన్నవాడు అని మెచ్చుకుందామని షిన్‌జో గ త్సుయొయ్ అంటే, సిగ్గూ ఎగ్గూ లేనివాడు అన్నట్టు వినిపిస్తుంది. ఇంకా ముందుకెళ్ళి వాళ్ళు షిన్‌జోకి వెంట్రుకలు మొలిచాయి అంటారు, మన గుండెలు తీసిన బంటుకి దగ్గర్లో ఉంటుంది అది. ధైర్యాన్ని మెచ్చుకోవాలంటే కిమొ, కాలేయం దగ్గరికి వెళ్ళాలి. కిమొ గ సువత్తె ఇరు, కాలేయం కుదురుగా కూర్చుంది అని. తెలంగాణలో, హైదరాబాద్‌లో కలేజా ఉన్నోడు అంటారే, ఆ కలేజా కూడా ఉర్దూ నుంచి వచ్చిన కాలేయమే. అలాగే పిల్లాణ్ణి హాస్టల్లో దింపి వెనక్కి చూడకుండా వచ్చేసిన తల్లి గుండె రాయి చేసుకుందంటాం, జపనీస్‌లో ఆ తల్లి కొకొరొని రాక్షసిని చేసుకుంటుంది, కొకొరొ ఒ ఒని ని సురు. అక్కడ గుండె కాదు మనసు, రాయి కాదు రాక్షసి. బాధ మాత్రం ఒకటే.

మనం గొప్పగా కలిసేది ధ్వనుల దగ్గర. గుండె దడదడలాడితే దొకిదొకి. ఝల్లుమంటే దొకిత్తొ. దాచినది బయటపడుతుందేమోనని ఉలిక్కిపడితే గికుత్తొ. తప్పు చేశామన్న బాధతో మనసు చివుక్కుమంటే మునె గ చికురి తొ ఇతము, ఛాతీలో చికురి అని గుచ్చుకుంటుంది. ఇంగ్లీష్ అనువాదకులు వీటి దగ్గర ఒక్కో మాటకి ఒక్కో వాక్యం రాయాల్సి వస్తుంది. మనకి గుభేల్, ఝల్, చివుక్కు, కలుక్కు ముందే చేతిలో ఉన్నాయి, ఏది దేనికి జతో ఎంచుకోవడమే పని.

ఆ నాన్నగారిని వారం తర్వాత పెద్ద హాస్పిటల్‌లో జున్‌కన్‌కి నైకాకి తీసుకెళ్ళారు, ఈసారి నేనూ తోడు వెళ్ళాను. ఈసీజీ, ఎకో, రక్త పరీక్ష అన్నీ అయ్యాక డాక్టరు గారు కాగితాలు మా వైపు తిప్పి, షిన్‌జో ని ఇజో వ అరిమసెన్ అన్నారు, గుండెలో తేడా ఏమీ లేదు, రక్తం తక్కువగా ఉంది, ఆయాసం అందువల్లే. కొడుకు తెలుగులో చెప్పాడు. ఆయన ఒక్క క్షణం ఏమీ అనలేదు. తర్వాత అరచెయ్యి గొంతు కింద పెట్టుకుని ఛాతీ మీదుగా కిందికి మెల్లగా రాసుకుని, "గుండెల మీద నుంచి బరువు దించేశారు బాబూ, డాక్టరు గారితో చెప్పు" అన్నారు.

కుర్రాడు నా వైపు చూశాడు, దీన్నెలా చెప్పాలన్నట్టు. జపనీస్‌లో ఊరట పడటానికి ఒక నుడికారం ఉంది, మునె ఒ నదెఒరొసు, ఛాతీని పైనుంచి కిందికి నిమురుకోవడం. అదే చెప్పాను. డాక్టరు గారు పెద్దాయన చెయ్యి ఇంకా ఛాతీ మీదే ఉండటం చూసి, అర్థమైందన్నట్టు తల ఊపారు.